గడ్డం ఇక్కడ ఆనించండి

నేను ఆటో రిఫ్రాక్టోమీటర్‌ని. దుమ్ముగూడెం, చర్ల దారిలోని గూడేల్లో నన్ను ‘కంటి మిషను’ అంటారు. నాకూ ఆ పేరే నచ్చింది. 2023 జనవరి 18న ఖమ్మంలో తెలంగాణ ప్రభుత్వ కంటి పరీక్షల పథకం ‘కంటి వెలుగు’ రెండో విడత ప్రారంభానికి ఢిల్లీ, పంజాబ్, కేరళ ముఖ్యమంత్రులు కూడా వచ్చారు. వేదిక సంబరం వాళ్లది. మర్నాటి నుంచి బల్లమీద చాకిరీ మా జాతిది.

పొద్దున జీపు దిగగానే మొదటి పరీక్ష నాకే. నా పెట్టెలో ఒక ఉత్తుత్తి కన్ను ఉంటుంది. దాని పవర్ ఎంతో ముందే తెలుసు. నేనూ అదే అంకె చెప్పాలి. అడవి దారి కుదుపులకు లోపలి అద్దం వెంట్రుకవాసి జరిగినా ఆ రోజు వచ్చినవాళ్లందరికీ తప్పుడు లెక్కే. తేడా వస్తే నన్ను పక్కన పెట్టాల్సిందే.

తర్వాత మనుషులు. నడుం వంగిన అవ్వకు నా బల్ల ఒక ఎత్తు, తునికాకు కోసే పడుచుకు ఇంకో ఎత్తు. “గడ్డం ఇక్కడ ఆనించమ్మా, కదలొద్దు” అని ఆపరేటర్ అంటే, ఆశా కార్యకర్త అదే కోయ భాషలో చెబుతుంది. నా లోపల ఒక బొమ్మ: పొడుగాటి రోడ్డు, దాని చివర ఎగిరే బెలూన్. కొందరు అవ్వలు దాన్ని గుమ్మడికాయ అంటారు. ఫర్వాలేదు. నాకు కావాల్సింది జవాబు కాదు, దూరాన నిలిచిన చూపు. ఆ బొమ్మను కావాలనే మసకబారుస్తాను. కన్ను దగ్గరి వస్తువు కోసం బిగుసుకుంటే లేని మైనస్ పవర్ చూపిస్తుంది. మసకలో ఆ బిగువు సడలుతుంది. అప్పుడు కంటికి కనిపించని పరారుణ కాంతిని పాపలోకి పంపి, రెటీనా నుంచి తిరిగొచ్చిన వెలుగును కొలుస్తాను. శుక్లం బాగా ముదిరితే ఆ వెలుగు సరిగా తిరిగిరాదు, చీటీ మీద ‘ఎర్రర్’ పడుతుంది. అవ్వ కదిలిందని కసురుకోకుండా డాక్టరు దగ్గరికి పంపాలి.

చీటీ అడుగున పీడీ అని ఒక అంకె ఉంటుంది. రెండు కంటిపాపల నడుమ దూరం, మిల్లీమీటర్లలో. పెద్దవాళ్లలో సగటు 63 దగ్గర. మొన్నమొన్న పుట్టిన మా దూరపు చుట్టానికి, అంటే ఎదుటి లోకం మీద బొమ్మలు నిలబెట్టే ఆగ్మెంటెడ్ రియాలిటీ హెడ్‌సెట్‌కు, ఈ అంకే ప్రాణం. 2019లో వచ్చిన హోలోలెన్స్ 2 తొడుక్కున్నవాళ్ల ఎదుట గురుతులు చూపి, వాటి వెంట చూపు తిప్పమంటుంది. అలా ఆ కళ్లకు తనను సరిచేసుకుంటుంది. దాని వర్చువల్ రియాలిటీ దాయాది క్వెస్ట్ 2కి మూడే మెట్లు: 58, 63, 68. మిగతావాళ్లు సర్దుకోవాలి. కొలత కుదరకపోతే బల్లమీద ఉండాల్సిన బొమ్మ పక్కకు జరుగుతుంది, కళ్లు లాగుతాయి, తలనొప్పి. రెప్పలు వాలిన కళ్లను వెతుక్కోవడం హోలోలెన్స్ లోపలి కెమెరాలకూ కష్టమే. సగటు మనిషి కోసం చేశామంటారు. నా ముందు కూర్చున్నవాళ్లలో ఆయన ఎప్పుడూ లేడు.

నా అంకె తుది తీర్పు కాదు. ట్రయల్ ఫ్రేములో అద్దాలు మార్చి మార్చి “ఇది బాగుందా, అది బాగుందా” అని అడిగాకే పవర్ రాస్తారు. దగ్గరి చూపు అద్దాలైతే కంటి వెలుగు శిబిరంలోనే చేతికిచ్చారు.

ఈసారి కళ్లు చూపించుకున్నప్పుడు పీడీ ఎంతో అడగండి. కళ్లజోడుకైనా హెడ్‌సెట్‌కైనా పనికొస్తుంది. నా చీటీ మీద అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి. పెన్నుతో వేరేచోట రాసిపెట్టుకోండి.