అతికినట్టుండే అబద్ధాలేవీ?

అబద్ధమాడినా అతికినట్టుండాలని మా నాయనమ్మ అంటుండేది. ఇప్పటి నాయకులకు ఆ మాట చెప్పే నాయనమ్మలు లేరేమో. పొద్దున మైకు ముందు ఒకటంటారు, సాయంత్రానికి అది నేననలేదంటారు. అన్నదీ అనలేదన్నదీ ఒకే ఛానెలు ఒకదాని వెనక ఒకటి వేస్తుంది. ఆయనకు సిగ్గుండదు, చూసే మనకు ఆశ్చర్యముండదు.

‘నా మాటల్ని వక్రీకరించారు’ అనడం మా రోజుల్లోనూ ఉండేది. అప్పుడు దానికి కాస్తో కూస్తో చోటుండేది. విలేకరి గబగబా షార్ట్‌హ్యాండులో రాసుకునేవాడు, ప్రెస్సులో కంపోజిటరు సీసం అక్షరాలు ఏరి పేర్చేవాడు. మధ్యలో ఎక్కడో మాట జారిందంటే సరే కామోసు అనుకునేవాళ్లం. ఇప్పుడు మొహం, గొంతు, నుదుటి మీద చెమటతో సహా వీడియోలో ఉంటే వక్రీకరించిందెవరు? ఈమధ్య దానికీ మందు కనిపెట్టారు. ‘అది డీప్‌ఫేకు’ అంటున్నారు. దొంగ వీడియోలు నిజంగానే తిరుగుతున్నాయి గనక, అసలు వీడియోను కూడా ఆ గంపలో పడేస్తే అడిగేవాడు లేడు. ‘ఇప్పుడు ఫ్యాక్ట్‌చెక్ వాళ్లున్నారుగా తాతయ్యా’ అంటాడు మా మనవడు. ఉన్నార్రా, అబద్ధం ఊరంతా తిరిగొచ్చి భోంచేసి పడుకున్నాక వాళ్లు లేస్తారు.

మా రోజుల్లో అందరూ హరిశ్చంద్రులే అని చెప్పబోతున్నాననుకోకండి. 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికలప్పుడు నేను నిక్కర్లేసుకునే వయసువాణ్ణి. మాది తెనాలి దగ్గర పల్లె. ఆ సంక్రాంతికి ఊళ్లో ఎక్కడ చూసినా ఎర్రజెండాలు, బుర్రకథలు. అధికారం మాదేనని కమ్యూనిస్టులు ఢంకా బజాయిస్తున్నారు. సరిగ్గా ఆ జనవరిలోనే మాస్కోలో ప్రావ్దా పత్రిక నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్‌వాళ్లు దాన్ని కరపత్రంగా అచ్చేసి పంచిపెట్టారు. ‘మీ దేవుడే మా నెహ్రూకి దండం పెడుతుంటే మీరు తిడతారేం?’ అని అరుగుల మీద ఒకటే ఎకసెక్కాలు. అందులో ఒక్క అక్షరం కల్పన లేదు. ప్రావ్దా మెచ్చుకుంది విదేశాంగ విధానాన్ని, ఇక్కడ తగవు భూముల గురించి. అయినా దెబ్బ తగిలింది. దానికితోడు కాంగ్రెస్, ప్రజాపార్టీ, కృషికార్ లోక్‌పార్టీ చేతులు కలిపాయి. కమ్యూనిస్టులకు 30 శాతానికి పైగా ఓట్లు పడ్డా 196 స్థానాల్లో 15 మాత్రం దక్కాయి. నిజాన్నే అడ్డంగా తిప్పి వాడుకోవడమంటే అదీ. దానికి బుర్ర కావాలి. ఇప్పుడు ఫోటో అతికించి కింద నాలుగు ముక్కలు రాసి వాట్సాప్‌లో వదిలేస్తే పనైపోతోంది.

మా ఊరి లైబ్రరీ దగ్గర పొద్దున్నే చేరే ముసలి గుంపులో దీని మీద పెద్ద వాదన జరిగింది. రిటైరైన తెలుగు మాస్టారొకాయన శుక్రాచార్యుణ్ణి సాక్షిగా పిలిచాడు. వామనుడికిచ్చిన మాట తప్పమని బలికి చెబుతూ, ఆడవాళ్ల విషయంలో, పెళ్లిళ్ల విషయంలో, ప్రాణం, ధనం, మానం పోయేచోట బొంకవచ్చని శుక్రుడు ఒక జాబితా ఇస్తాడు కదా, రాజకీయాలూ అందులోకే వస్తాయని ఆయన లెక్క. ‘మాస్టారూ, ఆ జాబితాలో ఓట్లు లేవండీ’ అన్నాను. పైగా ఆ సలహాను బలి విననేలేదు. చెప్పినాయన ఆ పూట కన్ను పోగొట్టుకున్నాడని కూడా చిన్నప్పుడు కథలో విన్నాం. మనవాళ్లకు జాబితా గుర్తుంది, కన్ను గుర్తులేదు.

అయినా మాస్టారి మాటను పూర్తిగా కొట్టిపారేయను. నేను బ్యాంకులో కొత్తగా చేరిన రోజుల్లో, 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించారు. డాలరు 4.76 రూపాయల నుంచి ఒక్కసారిగా 7.50కి పోయింది. ముందుగా ఎవరైనా ఆర్థికమంత్రిని అడిగారనుకోండి, అవునండీ సోమవారం తగ్గిస్తున్నాం అని చెబుతాడా? చెబితే ఆదివారానికే తెలిసినవాడు డాలర్లన్నీ మూటగట్టుకుంటాడు, తెలియనివాడు మునుగుతాడు. 1949లో బ్రిటన్ ఆర్థికమంత్రి స్టాఫర్డ్ క్రిప్స్, 1942లో మన దగ్గరికి రాయబారమొచ్చిన ఆ క్రిప్సే, పౌండు విలువ తగ్గించేది లేదని పదేపదే చెప్పి సెప్టెంబరు 18న 4.03 డాలర్ల పౌండును 2.80కి దించాడు. మన రూపాయీ దాని వెంటే దిగింది. చర్చిల్ ఆయన్ను పార్లమెంటులో ఉతికి ఆరేశాడు. ఉతకనీండి. క్రిప్స్ నిజం చెప్పి ఉంటే బ్రిటన్ ఖజానా ముందే ఖాళీ అయ్యేది.

మన పీవీగారిదీ అలాంటిదే. 1995 డిసెంబరులో పోఖ్రాన్‌లో అణుపరీక్షకు సన్నాహాలు జరుగుతున్నాయని అమెరికా ఉపగ్రహాలు పసిగట్టాయి, న్యూయార్క్ టైమ్స్ అచ్చేసింది. అలాంటిదేం లేదని మన ప్రభుత్వం చెప్పింది. 1998 మే 11న వాజపేయి హయాంలో పరీక్ష జరిగింది. పీవీ పోయాక వాజపేయే చెప్పారు, బాంబు సిద్ధంగా ఉందని తనకు చెప్పింది ఆయనేనని. పీవీకి అబద్ధంకన్నా మౌనం బాగా అచ్చొచ్చిందనుకోండి. మూతి బిగించుకుని కూర్చుంటే ఎవరేం పట్టుకుంటారు? కడుపులో ఉన్నదంతా 1998లో ‘ది ఇన్‌సైడర్’ అని నవలగా రాసి, మన రాష్ట్రానికి అఫ్రోజాబాద్ అని పేరు మార్చి పెట్టారు. తెలుగులో అది ‘లోపలి మనిషి’గా వచ్చింది. నిజం చెప్పడానికి కూడా కల్పన కావాల్సి వచ్చిందాయనకు.

బ్యాంకువాణ్ణి గనక నాకు ఒకటే తోస్తుంది. నాయకుడు దేశం కోసం ఆడే అబద్ధం అప్పులాంటిది. దేనికి తీసుకున్నావు, ఎప్పటికి తీరుస్తావు, తీర్చకపోతే పూచీ ఎవరు అన్న మూడింటికీ జవాబుంటే ఇవ్వొచ్చు. క్రిప్స్ అబద్ధానికి గడువు ఆ సెప్టెంబరు. గడువు దాటి తిరగరాసుకుంటూ పోయే అబద్ధాలతోనే వస్తుంది చిక్కంతా. అక్సాయ్‌చిన్‌లో చైనా రోడ్డు 1957కే పూర్తయింది. సంగతి ఢిల్లీలో తెలుసు. పార్లమెంటుకు నెహ్రూ చెప్పింది 1959 ఆగస్టులో. చైనాతో మాట్లాడుకుని సర్దుకుందామనే మంచి ఉద్దేశంతోనే దాచి ఉండొచ్చు. కానీ బయటపడ్డాక జనం ఎంత మండిపడ్డారంటే, ఆ తరవాత సర్దుకుందామన్నా వీల్లేకపోయింది. 1962లో ఏమైందో చెప్పక్కర్లేదు.

ఇంకొకటి మన ఇంట్లోదే. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో, హైదరాబాద్ హౌస్‌లో ఎనిమిది మంది కూర్చుని పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు, అటు నలుగురు ఇటు నలుగురు. ముఖ్యమంత్రి ఆంధ్రవాడైతే ఉపముఖ్యమంత్రి తెలంగాణవాడు కావాలన్నది అందులో ఒక షరతు. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. నీలం సంజీవరెడ్డిగారి మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి లేడు. ఆ పదవి ఆరో వేలు లాంటిదన్నారని అప్పట్నుంచీ చెప్పుకుంటూనే ఉన్నారు. సంతకం సిరా ఆరకముందే అంటే అతిశయోక్తి, ఏడాదైనా తిరగలేదంటే కాదు. మా వైపు పెద్దలు దాన్ని చిన్న విషయమనుకున్నారు. 1969లో ఉస్మానియా పిల్లలు రోడ్డెక్కినప్పుడు కూడా, ఇదెక్కణ్ణుంచి వచ్చిందిరా అని మా బ్యాంకులో ఆశ్చర్యపోయినవాళ్లే ఎక్కువ. ఓట్ల కోసం కాకపోయినా, పని గడుపుకోవడానికి ఇచ్చిన మాట అది. ఏ శుక్రాచార్యుడూ దాన్ని వెనకేసుకురాలేడు.

మరి అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటంటారా? పట్టుబడితే పదవి ఊడేది, అంతే. 1957లో ముంధ్రా వ్యవహారం చూడండి. ఎల్‌ఐసీ సొమ్ము కోటీ పాతిక లక్షల దాకా తీసుకెళ్లి కలకత్తా వ్యాపారి ముంధ్రా కంపెనీల వాటాల్లో పోశారు. దాని మీద ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి సభలో చెప్పిన జవాబులు అటూఇటూ జారుతుంటే పట్టుకుని నిలదీసిందెవరు? ఫిరోజ్ గాంధీ. అదే పార్టీ ఎంపీ, పైగా ప్రధానమంత్రి అల్లుడు! బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి చాగ్లా బహిరంగంగా విచారణ జరిపి వారాల్లోనే ముగించాడు. 1958 ఫిబ్రవరిలో మంత్రి రాజీనామా చేశాడు. ఇప్పుడు సొంత పార్టీ మంత్రిని అలా అడిగే ఎంపీని చూపించండి, కాఫీ తాగిస్తాను. విచారణ సంఘాలకైతే గడువు మీద గడువు పొడిగిస్తూ పోతారు.

చట్టం సంగతి చెబితే నవ్వొస్తుంది. నామినేషను అఫిడవిట్లో ఆస్తులో కేసులో దాస్తే ఆరు నెలల దాకా జైలు. ఎదుటి అభ్యర్థి శీలం గురించి తెలిసి తెలిసి అబద్ధం ప్రచారం చేస్తే, ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షను కింద ఎన్నికే పోవచ్చు. ఓటరుకు చెప్పే అబద్ధానికి మాత్రం ఏ సెక్షనూ లేదు. మేనిఫెస్టో హామీలు ఆ చట్టం కింద అవినీతి కావని సుప్రీంకోర్టు 2013లోనే తేల్చింది. హామీలకు డబ్బెక్కణ్ణుంచి తెస్తారో స్థూలంగానైనా చెప్పాలని ఎన్నికల సంఘం నియమావళిలో ఒక ముక్క చేర్చింది. చదివినవాడు కనబడితే ఆయనకూ కాఫీయే. మా దగ్గర ఇరవై వేల అప్పుకు దరఖాస్తు పెట్టిన రైతు సర్వే నంబరు తప్పు రాస్తే మేం ఎన్నిసార్లు తిప్పేవాళ్లమో ఇప్పుడు తల్చుకుంటే ఆ రైతు ఉసురు మాకు తగిలిందేమో అనిపిస్తుంది.

అలాగని ఇచ్చిన మాట నిలబెట్టుకున్నవాళ్లే లేరనను. 1983లో రామారావుగారు కిలో బియ్యం రెండు రూపాయలన్నారు, ఇచ్చారు. ఖజానా ఏమైందన్నది వేరే తగవు. 1994లో మద్యనిషేధమన్నారు, అదీ తెచ్చారు. రెండేళ్లు దాటాక ఆయన పార్టీయే ఎత్తేసింది, అప్పటికి ఆయన లేరు.

మొన్నటి ఎన్నికల్లో మా వీధికి ప్రచారానికి కుర్రాళ్లొచ్చారు. మెడలో కండువాలు, చేతిలో రంగురంగుల కాగితాలు. కాగితం మీద అభ్యర్థిని చూసి, ‘బాబూ, కిందటిసారి ఈయనే వచ్చి మా వీధి చివర మురుక్కాలవ కట్టిస్తానన్నాడు కదా, ఏమైంది?’ అని అడిగాను.

‘అప్పుడాయన ఆ పార్టీలో ఉన్నారండీ తాతగారూ. ఆ హామీ వాళ్లది. వాళ్లనే అడగండి’ అని, అందులో ఒక కుర్రాడు ఇంకో కాగితం చేతిలో పెట్టి పక్కింటికి వెళ్లిపోయాడు. అందులో నాలుగో హామీ మురుక్కాలవే.