వీసా వచ్చింది, పడవెక్కండి

పెళ్ళికి ముందు షూటింగు భరించాం. సీమంతం షూటింగు భరించాం. అన్నప్రాసనలో చంటివాడు పాకుతుంటే నెత్తిమీద డ్రోను తిరిగినా నోరు మూసుకుని పాయసం తాగాం. ఇప్పుడు సెండాఫ్ షూటింగట. పాస్‌పోర్టు మీద వీసా పడీ పడకముందే మొగుడూ పెళ్ళాం ఇద్దరు చంటిపిల్లల్ని ఇన్నోవాలో వేసుకుని, వెనక సీట్లో కెమెరా కుర్రాణ్ణి ఎక్కించుకుని, ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం, అక్కణ్ణుంచి కొల్లేటి లంకలు, ఇలా చుట్టాల ఇళ్ళన్నీ చుట్టేస్తున్నారు. మీ ఇంటికీ వచ్చే ఉంటారు. రాలేదంటే మీరంటే గిట్టదన్నమాట. అదృష్టవంతులు.

చిలుకూరు బాలాజీకి మొక్కుకున్న 108 ప్రదక్షిణలు అయిపోయాయి కాబట్టి ఇక చుట్టాలకి ప్రదక్షిణలు. బాలాజీకి ఉన్న సుఖం ఏమిటంటే ఆయన కాఫీలు కలపక్కర్లేదు.

ఊరొదిలి పోయేవాడు పెద్దలకి చెప్పి వెళ్ళడం మనకి కొత్త కాదు. కాకినాడలో రంగూన్ ఓడ ఎక్కినవాడూ చెప్పే వెళ్ళాడు. కాకపోతే వాడు ఒక్కో ఇంటికి నలభై నిమిషాలు కేటాయించలేదు. ఇప్పుడు పద్ధతి వేరు. పొద్దున టిఫిను పవర్‌పేటలో పెద్దనాన్నగారింట్లో. పదిన్నరకి భీమడోలులో మేనత్త. భోజనం గూడెంలో మావయ్యగారింట్లో. పక్కనే ఉల్లిపాయల గోడౌను, పిల్లలు తుమ్ముతున్నారని పెరుగు దాకా రాకుండానే లేవడం. మూడింటికి గణపవరం, నాలుగున్నరకి నిడమర్రు, దీపాలు పెట్టే వేళకి మళ్ళీ ఏలూరు. ప్రచారం ఆఖరి రోజున అభ్యర్థి కూడా ఇంతకంటే తీరుబడిగా తిరుగుతాడు. పైగా ఆయన అయిదేళ్ళకోసారైనా మళ్ళీ వస్తాడు.

ముందు కెమెరా లోపలికొస్తుంది, మనుషులు తర్వాత. ఒకింట్లో నేను ఉండగానే జరిగింది. ముసలావిడ తలుపు తీసి మునిమనవణ్ణి చూసి ‘వచ్చావా నా తండ్రీ’ అంది. కెమెరా కుర్రాడు అడ్డొచ్చాడు. ‘మామ్మగారూ, ఓసారి తలుపేసి మళ్ళీ తియ్యండి. ఇందాక బాబుని చూడగానే మొహంలో ఓ ఎక్స్‌ప్రెషన్ వచ్చిందే, అదే కావాలి.’ ఆవిడవి అరిగిపోయిన మోకాళ్ళు. గుమ్మం పట్టుకుని వెనక్కి వెళ్ళి తలుపు మూసి మళ్ళీ తీసింది. ఆ ఎక్స్‌ప్రెషన్ రాలేదు. మూడోసారి కూడా తీయించారు. ఈలోగా పిల్లాడు గుక్కపట్టాడు. వాడి ఏడుపు మాత్రం అన్నిసార్లూ బాగానే వచ్చింది.

ఇదంతా ఒక ఎత్తు, ఆటపాక ఒక ఎత్తు.

కైకలూరు పక్కన ఆటపాక పక్షుల కేంద్రం లేకపోతే ఈ తంతుకి పతాక సన్నివేశమే లేదు. ‘వలస పక్షులు కాన్సెప్ట్’ అంటున్నారు. నాన్న పట్టుపంచె, అమ్మ ఉప్పాడ చీర, పెద్దదానికి పరికిణీ, చిన్నవాడి చేతిలో బొమ్మ సూట్‌కేసు. నలుగుర్నీ పడవెక్కించి పక్షుల వైపు చెయ్యి చూపించమంటారు. వెనక గూడబాతులు. కింద అక్షరాలు: ‘సైబీరియా నుంచి అవి... అమెరికాకి మేము...’. ఎవడో ఒకడికి మొదట తట్టింది. తట్టినవాణ్ణి క్షమించొచ్చు. ఆ తర్వాత వచ్చిన ప్రతి కుటుంబానికీ అదే తట్టడాన్ని ఏమనాలి?

అయ్యా, ఆ గూడబాతు సైబీరియా మొహం ఎరగదు. అది దక్షిణ, ఆగ్నేయాసియాల పక్షి. మన దక్షిణాదిలో, శ్రీలంకలో, కంబోడియా వైపు ఉంటుంది. గూడు ఇక్కడే, గుడ్డు ఇక్కడే, పిల్ల ఇక్కడే. సైబీరియా వైపు నుంచి వచ్చేవి సూదితోక బాతుల్లాంటివి. అవి దూరంగా నీళ్ళలో తలకిందులుగా మునిగి మేత వెతుక్కుంటుంటాయి కాబట్టి ఫొటోలో అందంగా పడవు. అందుకని ఎవరూ వాటి వంక చూడరు. అంటే వలస పోతున్నామని చెప్పుకోవడానికి మీరు వెనక నిలబెట్టుకున్నది ఊరు వదలని పక్షిని. పోనీ అసలైన వలస పక్షులమే అనుకుంటారా, అవి ఏటా చలికాలానికి తప్పకుండా దిగుతాయి. వాటితో పోల్చుకునే ముందు మీ కంపెనీవాడు సెలవు ఇస్తాడో లేదో కనుక్కోండి.

గూడబాతుకి ఇంకో కథ కూడా ఉంది. 1946లో కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ పక్షి పరిశీలకుడు కొల్లేటి ప్రాంతంలో వీటి స్థావరాన్ని కనిపెట్టి లోకానికి చెప్పేనాటికి 3,000 దాకా పక్షులు అక్కడ గూళ్ళు కడుతున్నాయి. 1970ల మధ్యకొచ్చేసరికి ఆ స్థావరమే మాయమైంది. తర్వాతెప్పటికో మళ్ళీ చేరాయి. ఇవాళ ఆటపాకలో అవి కాపురం ఉంటున్నది చాలావరకు అటవీశాఖవాళ్ళు నీళ్ళలో పాతిన ఇనుప స్టాండ్ల మీద. గూళ్ళకి చెట్లు చాలవు. 1999లో కొల్లేటిని అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. అయినా అభయారణ్యం హద్దయిన అయిదో కాంటూరు లోపల ఏం జరుగుతోందో మన జిల్లావాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. పడవలో పట్టుపంచె కట్టుకుని నిలబడిన అబ్బాయి ఎమ్మెస్‌కి ఫీజు కట్టింది చేపల చెరువే. ఆ చెరువు ఏ కాంటూరులో ఉందో ఆయన నాన్నగారు చెప్పరు. వెనక నిలబడ్డ పక్షికి మాత్రం తెలిసే ఉంటుంది.

డ్రోను సంగతి సరేసరి. గూళ్ళలో పిల్లలున్నాయి, లేపొద్దు బాబూ అని పడవ నడిపే ఆయన బతిమాలుతుంటే, ‘ఒక్క షాటే అన్నా’ అంటాడు కెమెరా కుర్రాడు. తల్లిపక్షి సంచిలో చేప పట్టుకొచ్చి నోరు తెరిస్తే పిల్ల ఆ నోట్లోకి మెడదాకా దూరి తింటోంది. ఆ పక్కనే పడవలో మన చిన్నవాడు ఆకలని ఏడుస్తుంటే వాళ్ళమ్మ ‘లైటు పోతుంది నాన్నా, రెండు నిమిషాలు నవ్వు, తర్వాత బిస్కెట్టు’ అంటోంది. ఈ రెండిట్లో దేన్ని చూసి నేర్చుకోవడానికి ఆటపాక వచ్చారో నాకు అర్థం కాలేదు.

మిగతావి చెప్పుకుంటూ పోతే తరగవు. అమెరికా మ్యాపు ఆకారంలో కేకు. సెంటర్లో ఫ్లెక్సీ, అందులో రెండేళ్ళ పిల్లకి నల్ల కళ్ళద్దాలు. ద్వారకా తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించి, పాత ఫొటోకీ గుండుకీ పోలిక లేదని మళ్ళీ స్టూడియోకి పరుగు. ప్రతి ఇంట్లోనూ ‘మా వాడు డల్లాస్‌లోనే, ఈ ఆవకాయ సీసా ఒక్కటీ పట్టుకెళ్ళు నాయనా’ అంటూ 23 కిలోల పెట్టెలోకి చుట్టాల చేతులన్నీ. వెళ్ళడానికి ఆర్నెల్ల ముందు నుంచే పిల్లలతో తెలుగు బందు. తాతయ్య ‘అన్నం తిన్నావురా?’ అంటే వాడు అమ్మ మొహం చూస్తాడు, అమ్మ తర్జుమా చేస్తుంది.

ఇదంతా ఎందుకండీ అంటే అందరి దగ్గరా ఒకటే జవాబు. ‘పిల్లలకి మన రూట్స్ తెలియాలి కదా బాబాయ్‌గారూ.’

ఇక నవ్వడం నా వల్ల కాదు.

ఏ పిల్లలకి? మూడేళ్ళవాడికా, ఏడాదిన్నర దానికా? మూడు, మూడున్నరేళ్ళకి ముందు జరిగినవేవీ పెద్దయ్యాక దాదాపుగా గుర్తుండవని మనస్తత్వ శాస్త్రం ఎప్పటి నుంచో చెబుతోంది. మీకు మాత్రం మీ రెండో ఏట ఏ అత్తయ్య బుగ్గ గిల్లిందో గుర్తుందా? ఆ వయసు పిల్లలకి కావలసింది రోజూ కనిపించే మొహం, రోజూ పెట్టే చెయ్యి. రోజుకి ఆరు కొత్త ఇళ్ళు, ముప్పై కొత్త మొహాలు, చేతిలోంచి చేతిలోకి మారడం, ముద్దులు, దిష్టి, ఫ్లాష్ లైటు, మూడు రకాల నీళ్ళు, కారులో వాంతి. రాత్రి జ్వరం వస్తే ‘ఎవరి కన్నో తగిలింది’ అంటారు. ఎవరి కన్నూ తగల్లేదు. మీ షెడ్యూలు తగిలింది.

లంకలో ఒక ఇంట్లో చూశాను. మూడేళ్ళవాడు నవారు మంచం కిందకి దూరి, కోడు పట్టుకుని బయటికి రానంటున్నాడు. తండ్రి కాలు పట్టి లాగుతున్నాడు, బయట హారను కొడుతున్నారు. ముత్తవ్వ కిందకి వంగలేక నేల మీద చతికిలబడి, బొడ్లో సంచి విప్పి, నాలుగు మడతలు పెట్టిన యాభై రూపాయల నోటు తీసి మంచం కిందకి చాపింది. వాడు నోటు చూడలేదు, ఆవిడ చేతి మీద ఉబ్బిన నరాన్ని వేలితో నొక్కి చూశాడు. మళ్ళీ నొక్కాడు. నవ్వాడు. ఆవిడా నవ్వింది. ఇంకో గంట అలా వదిలేస్తే ఇద్దరికీ స్నేహం కుదిరేదేమో. తల్లి వచ్చి వాణ్ణి బయటికి లాగి, చేతులకి శానిటైజరు రాసి, నోటు హ్యాండుబ్యాగులో వేసుకుని, ‘మామ్మగారికి బై చెప్పు’ అంది. అది మాత్రం రీలులో లేదు. కెమెరా కుర్రాడు అప్పటికే కారెక్కాడు.

అసలు నా కోపం ఇది కూడా కాదు. వీళ్ళు ఇవాళ అమెరికా వెళ్తున్నారు, నిన్నటిదాకా ఎక్కడున్నారు? కొండాపూర్‌లో. సాయంత్రం హైదరాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అర్ధరాత్రి దాటేసరికి ఏలూరు. ఆ రైలు వీళ్ళు ఎన్నిసార్లు ఎక్కారు? పెద్దవాడి మొదటి పుట్టినరోజు రిసార్టులో, రెండోది మాల్‌లో. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేరు పెరిగి లంకల్లోకి నీళ్ళొచ్చినప్పుడు, ఇదే ముత్తవ్వకి వీళ్ళు పంపింది చేతులు జోడించిన బొమ్మ, పక్కన ‘టేక్ కేర్’. ఆవిడకి ఫోను చూడటం రాదు, పక్కింటి కుర్రాడు చదివి వినిపించాడు. రాకపోవడానికి అప్పుడు వీసా అడ్డమా, సముద్రం అడ్డమా?

రాలేనివాళ్ళ మీద నాకు ఒక్క మాట లేదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బి ఉద్యోగ వీసాల మీద లక్ష డాలర్ల రుసుమని ట్రంప్ ప్రకటించాక, గీత దాటితే తిరిగి రానిస్తారో లేదోనని తండ్రికి బాగాలేకపోయినా కదల్లేక అక్కడ గోడకి తల కొట్టుకుంటున్నవాళ్ళున్నారు. గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ళ తరబడి నిలబడి, పిల్లలకి 21 నిండితే హెచ్‌-4 వీసా పోతుందని లెక్కలేసుకుంటున్నవాళ్ళున్నారు. వాళ్ళ వీడియో కాల్‌లో మనవడు సగం తెలుగు, సగం ఇంగ్లీషు మాట్లాడినా అది బంధుత్వమే. వాళ్ళకి దూరం దేశం పెట్టింది. కొండాపూర్ కుటుంబానికి దూరం వాళ్ళే పెట్టుకున్నారు; ఇప్పుడు దాన్ని విమానం మీదకి నెడుతున్నారు.

ఈ తంతుకి దేవుడు వేసిన శిక్ష కూడా చూశాం. 2025 సెప్టెంబరు నుంచి పద్నాలుగేళ్ళలోపు పిల్లలు కూడా మామూలుగా ఇంటర్వ్యూకి రావలసిందే అన్నారు. డిసెంబరు 15 నుంచి హెచ్‌-1బి, హెచ్‌-4 వాళ్ళు సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా తెరిచి పెట్టాలన్నారు, తనిఖీల పేరిట ఎందరి ఇంటర్వ్యూలో మార్చికీ, ఆ పైకీ జరిగాయి. ముద్ర పడకముందే సెండాఫ్ కానిచ్చేసినవాళ్ళ గతేమిటి? కాళ్ళకి దణ్ణాలు పెట్టేశారు, బట్టలు పెట్టించుకున్నారు, కేకు కోశారు, పడవెక్కారు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని సంక్రాంతికి గూడెం వస్తారు? హైదరాబాద్‌లోనే తలుపులేసుకుని, ఊరివాళ్ళు ఫోను చేస్తే ‘ఇక్కడ చలి బాగా ఉంది అత్తయ్యా’ అంటున్న ఒక మహానుభావుడు నాకు తెలుసు. నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేటులో కూర్చున్న ఆఫీసరు ఖాతా తెరిచి చూస్తే మొట్టమొదట కనబడేది పట్టుపంచె, పడవ, సైబీరియా.

ఇంతకీ మానేయమంటారా అని అడుగుతారు. చుట్టరికం మానమనను, ఊరేగింపు మానమంటున్నాను. ప్రయాణానికి ఇంకా నెల ఉందనుకోండి. పది ఇళ్ళు తిరక్కండి, ఒక ఇల్లు ఎంచుకోండి. తాతయ్యదో, అమ్మమ్మదో. పిల్లల్ని అక్కడ పదిహేను రోజులు ఉంచండి. ఏడాదిన్నర పిల్లయితే తల్లో తండ్రో తోడుండండి. కాస్త పెద్దవాళ్ళయితే దించేసి హైదరాబాద్ వెళ్ళి మీ పెట్టెలు మీరు తూకం వేసుకోండి. దొడ్లో మట్టి తింటారు, దోమలు కుడతాయి, తాతయ్య భాషలో రెండు బూతులు కూడా వస్తాయి. డల్లాస్‌లో ఫోను మోగినప్పుడు ఆ గొంతు ఎవరిదో ఎవరూ చెప్పకుండానే పోల్చుకుంటారు. మిగతా తొమ్మిదిళ్ళకీ ఫోను చెయ్యండి చాలు. ఎవరూ ఏమీ అనుకోరు. నిజం చెప్పాలంటే, కాఫీలు తప్పినందుకు సంతోషిస్తారు.

కెమెరా కుర్రాణ్ణి మాత్రం వెంట తీసుకుపోండి. మీ జాబితాలో మా ఇల్లు కూడా ఉంటే ఇవాళే కొట్టేయండి.