ఊలు దొడ్డమ్మ

బెజవాడలో చలికాలమనునది పంచాంగమునందే కాని వీధిలో కానరాదు. ధనుర్మాసమున తెల్లవారుజామున కృష్ణవైపునుండి వీచు ఒక గంటసేపటి చల్లగాలి, ఆ గాలికి జడిసి చెవులకు తుండుగుడ్డ చుట్టుకొను పాలవాడు, వేణ్ణీళ్ళ పొయ్యి దగ్గర చోటుకై పోట్లాడుకొను పిల్లలు, ఇంతే మా హేమంతము. ఈ ఊరిని దొరలు ‘బ్లేజువాడ’ యని వెక్కిరించిరను ప్రతీతికి తక్కిన సంవత్సరమంతయు సాక్ష్యము పలుకుచుండును. అట్టి ఊరిలో, వసారాలో పడకకుర్చీ వేసికొని, ఒడిలో ఊలుండను పిల్లికూనవలె పెట్టుకొని, రెండు పొడుగాటి సూదులను టకటకలాడించుచు, జ్యేష్ఠమాసపు మిట్టమధ్యాహ్నమున మనుమనికి మంకీక్యాపు అల్లుచున్న యొక పెద్దావిడ మీకు కనబడినచో, ఆమె మా దొడ్డమ్మయే యని తొందరపడి నిశ్చయింపవలదు. ఇంచుమించు ప్రతి కుటుంబమునకును అట్టి యావిడ యొకరుందురు. మా వంతున వచ్చినది మా దొడ్డమ్మ.

ఈ విద్య ఆమెకు పుట్టుకతో వచ్చినది కాదు. పెదనాన్నగారు రైల్వే ఉద్యోగరీత్యా ఖరగ్‌పూరులో ఇరువది సంవత్సరములు కాపురముండిరి. అచటి రైల్వే క్వార్టర్లలో మన తెలుగువారికి కొదవ లేకపోయినను, దైవవశమున పక్కవాటాలోనికి ఒక బెంగాలీ కుటుంబము వచ్చి చేరెను. దొడ్డమ్మ ఆ ఇల్లాలికి గోంగూర పచ్చడి నేర్పి, బదులుగా ఆమెవద్ద అల్లిక నేర్చుకొనెను. ఆ బేరములో లాభపడినది ఎవరో నేటికిని మా కుటుంబమున తేలలేదు. పెదనాన్నగారు రిటైరై బెజవాడ చేరునప్పటికి బెంగాలీ భాష అంతయు మరపునకు వచ్చినను, సూటి కుట్టునకు ‘సోజా’, తిరగ కుట్టునకు ‘ఉల్టో’ అను రెండు మాటలు మాత్రము ఆమె నాలుకపై స్థిరనివాస మేర్పరచుకొన్నవి. “రెండు సోజా, రెండు ఉల్టో” అని ఆమె పెదవులు కదలుచుండగా చూచి, కొత్తగా వచ్చిన పేరంటాండ్రు ఏదో శక్తిమంత్రోపాసన జరుగుచున్నదని భక్తితో దూరముగా కూర్చుందురు. నిజమునకు అది జపముకంటె కఠినమైనది. జపము నడుమ ఆమె కూరగాయలు బేరమాడగా చూచితిని. అల్లిక నడుమ మాత్రము తంతివాడు గుమ్మములో నిలిచినను, వరుస పూర్తి కానిదే సంతకము లేదు.

సూదులలోను తారతమ్యములు గలవు. ఎనిమిదవ నంబరు సూది లావు, పండ్రెండవ నంబరు సన్నము; అంకె పెరిగినకొద్ది సూది చిక్కిపోవును. ఈ లెక్క మా ఆఫీసులోని ప్రమోషన్లను చూచి పెట్టినదని నా యనుమానము. నరసాపురపు లేసు సంగతి ఎవరైన పొరపాటున ఎత్తినచో దొడ్డమ్మ పెదవి విరుచును. “ఒంటి కొక్కెంతో లాగేదీ ఒక అల్లికేనా?” అనును. నరసాపురము స్త్రీలు అల్లిన లేసు ఓడలెక్కి దేశాంతరములకు పోయి వెలకు అమ్ముడుపోవుచున్నదనియు, తన యల్లిక వద్దనుటకు నోరురాని చుట్టములకు మాత్రమే చెల్లుచున్నదనియు ఆమెకు తెలియకపోలేదు. ఆ మాట ఆమె యెదుట అనుటకు మాకే గుండెలు లేవు.

ఆమె ప్రథమ కృతి పెదనాన్నగారికై అల్లిన మఫ్లరు. ఒక వరుస సోజా, మరియొక వరుస ఉల్టోగా అల్లుకొని పోయినచో ఆ గుడ్డ రెండంచులును లోపలికి చుట్టుకొనునని ఆ బెంగాలీ ఇల్లాలు చెప్పినదో, చెప్పినది ఈమెకు అర్థము కాలేదో గాని, మూడు మాసముల తపస్సునకు ఫలముగా వెలువడిన ఆ మఫ్లరు మెడకు చుట్టుకొనక తనకుతానే చుట్టుకొని, తూముగొట్టమువలె నిలిచిపోయెను. పెదనాన్నగారు సత్పురుషులు. దానిని మారుమాటాడక అందుకొని, జీవితాంతము తమ గొడుగునకు గవిసెనగా వాడుకొనిరి.

అల్లికకంటె భయంకరమైనది దానికి ముందు జరుగు తతంగము. లూధియానా ఊలు తప్ప దొడ్డమ్మ ముట్టదు. అది చిలపలుగా వచ్చును. చిలపను ఉండగా చుట్టవలెను. చుట్టుటకు, రెండు చేతులును మూరెడు దూరమున చాచి స్తంభమువలె కూర్చుండు మనిషి యొకడు కావలెను. ఆ మనిషిని నేను. చిలప నా మణికట్లకు తగిలించి, ఎదుట పీట వేసికొని, కొస దొరకబుచ్చుకొని ఆమె చుట్టుట మొదలుపెట్టును. దారము కుడివైపునుండి జారునపుడు కుడిచేతి బొటనవ్రేలు వంచవలెను, ఎడమవైపునుండి జారునపుడు ఎడమవ్రేలు. ఏమరినచో చిక్కు పడును, చిక్కు పడినచో చీకటి పడును. ఈ లోకమునందలి దోమలన్నింటికిని ఆ వేళ నా ముక్కే జ్ఞప్తికి వచ్చును. చేతికి సంకెలలు పడిన యట్టి స్థితిలో, దొడ్డమ్మ ఉండమీదినుండి కన్ను తీయకయే మెల్లగా ప్రారంభించును: “ఒరే అబ్బాయి, మీ ఆవిడ మొన్న మా పేరంటానికి ఎందుకు రాలేదురా?” పరుగెత్తుటకు వీలులేదు; చేతులాడించి మాట మార్చుటకు వీలులేదు. ఆ విచారణలో నిజము చెప్పనివాడు మా వంశమున లేడు. నేను ఇంటరు తప్పిన సంగతి మా నాన్నగారికంటె మూడు దినములు ముందుగా ఆమెకు తెలియుటకు కారణము నాలుగౌన్సుల బూడిదరంగు ఊలు.

కొలతలకు ఆమె టేపు వాడదు. వీపుమీద జానలు వేసి, “నాలుగున్నర జానలు, కిందటేటికి బెత్తెడు పెరిగావు” అని వీధి వినునట్లు ప్రకటించును. స్వెటరు సంక్రాంతికి ఈయదలచినదే యైనను, అది తయారగుట ఎప్పుడును రోళ్ళు పగులు రోహిణీ కార్తెలోనే జరుగును. తొడిగి చూడనిదే ఆమెకు నిద్రపట్టదు. నేను బనియనుమీద ఆ ఉన్ని కవచమును ధరించి, చెమట కనుబొమలమీదుగా కారుచుండగా, వసారాలో ముమ్మారు ప్రదక్షిణము చేయుదును. ఒకసారి ఎడమచేయి కుడిచేతికంటె రెండంగుళములు పొడుగుగా వచ్చెను. చూపించితిని. “ఉతికితే ముడుచుకుంటుంది” అనెను. నడుము బిగుతుగా నున్నదంటిని. “ఉతికితే సాగుతుంది” అనెను. ఒకే ఉతుకునకు ఒకచోట సాగి మరియొకచోట ముడుచుకొను ఆ వివేకము ఊలునకు ఎట్లు కలిగెనని అడుగుటకు నాకు ఊపిరి చాలలేదు.

ఆమె చిత్తవృత్తి యంతయు కుట్లలోనికి దిగును. ఇది ఉపమానము కాదు. కోపము వచ్చినపుడు అల్లిన వరుసలు బిగిసియుండును, సంతోషమున అల్లినవి వదులుగా నుండును. తెలిసినవాడు స్వెటరు తడవి ఆ మాసమున ఇంటిలో ఏమి జరిగినదో చెప్పగలడు. 1859లో వెలువడిన తన విప్లవకథలో డికెన్సు మహాశయుడు, గిలటిన్‌పాలు కావలసినవారి పేర్లను అల్లికలో గుర్తులుగా వ్రాసికొను దిఫార్జి యను ప్రతినాయికను సృష్టించెను. మా దొడ్డమ్మ ఆ నవలను చదువలేదు. అయినను తన కుమార్తె పెండ్లికి రాని మా బావకు ఆ యేటి సంక్రాంతికి ఇచ్చిన స్వెటరులో మెడపట్టీ ఎంత బిగువుగా ముగించెననగా, అతని తల దానిలో దూరుటకు ఇద్దరము లాగవలసివచ్చెను. దూరిన తరువాత వెలుపలికి తీయుటకు ముగ్గురము.

అల్లిక యంత్రమును 1589లో కనిపెట్టిన విలియం లీ అను ఆంగ్లేయుడు హక్కుపత్రమునకై ఎలిజబెత్ రాణిగారిని ఆశ్రయింపగా, చేతియల్లికతో పొట్టపోసికొను పేదలు మాడిపోవుదురని ఆమె నిరాకరించెనని చెప్పుదురు. ఆ రాణిగారి జాలి మావంటివారికి ఏమియు ఉపకరింపలేదు. యంత్రమును వచ్చెను, దొడ్డమ్మయు మిగిలెను. అంగడిలో మిల్లు స్వెటరు చవుకగా దొరకుచుండగా ఇంత శ్రమ యేల యని మా ఆవిడ ఒకసారి అనబోయెను. “కొనుక్కొచ్చింది ఎవరికైనా పడుతుందే కోడలుపిల్లా! ఇది వీడికే పడుతుంది” అని ఆమె సమాధానము. పొడుగు ఎడమచేతిని తలచుకొని చూడగా అందు సత్యము లేకపోలేదు.

1962లో చైనాతో యుద్ధము వచ్చినపుడు, హిమాలయములలో చలికి తగిన బట్టలు చాలక మన జవానులు పడు పాట్లు పత్రికలలో చదివి, దేశమందు ఎందరో స్త్రీలు సూదులు చేతబట్టిరి. దొడ్డమ్మ ఏడు మఫ్లర్లు అల్లెను. ఆమె కృషికి తగిన చలి దొరకినది ఆ యొక్క యేడే. రాత్రి దీపము దగ్గర కూర్చుండి ఆమె అల్లుచుండగా ఎవరును పరిహాసమాడలేదు. చిలప పట్టుటకు మేమే పోటీపడితిమి. పంపునపుడు ఒక్కొక్క మఫ్లరులో ఒక్కొక్క కాగితపుముక్క మడిచిపెట్టెను. ఏమి దీవించినదో యని విప్పి చూచితిని. “నాయనా, ఉతికితే సాగుతుంది” అని తెలుగులో వ్రాసియుండెను. అవి ఏ పంజాబీకి, ఏ గూర్ఖాకు చేరినవో. ఆ యేటి సంక్రాంతికి మాకు ఊలుకు మారుగా ధోవతులు వచ్చినవి.

ఆమె ఇచ్చినది మనకు ఇచ్చినట్లు కాదని మీరు గ్రహింపవలెను. అది ఆమె సొత్తు; మన యొంటిమీద దాచినది. రాగానే పెట్టె తెరువుమనును, కలరా ఉండలు లెక్కించును, చిమ్మటలు కొట్టినవేమో యని ఒక్కొక్క కుట్టును వెలుతురునకు పట్టి చూచును. కిందటి శ్రావణమున నాకు చలిజ్వరము వచ్చెను. పండ్లు టకటక కొట్టుకొనుచుండగా మా ఆవిడ రెండు దుప్పట్లు కప్పి, చాలక, ఆ పొడుగుచేతి స్వెటరు తొడిగెను. సమాచారము తెలిసి దొడ్డమ్మ వచ్చెను. నుదురు తాకలేదు, మందు సంగతి అడుగలేదు. స్వెటరు అంచు సవరించి, చేతిపట్టీ మడిచి, తృప్తిగా మంచముపట్టెమీద కూర్చుండి, “చూశావుట్రా, ఎప్పటికైనా పనికొస్తుందని చెప్పానా!” అనెను. నా జ్వరమును చూచి అంతగా సంతోషించినవారిని నేనెరుగను. నిజము చెప్పవలెనన్న, ఆ రాత్రి చేతులు రెండును వెచ్చగానే యుండినవి, ఎడమది వ్రేళ్ళతోసహా.

ప్రస్తుతము మా పెట్టెలో నా పాలికి 6 స్వెటర్లు, 4 మఫ్లర్లు, ఒక మంకీక్యాపు గలవు. పాఠకులలో సిమ్లాకో డార్జిలింగునకో పయనము కట్టువారుండినచో, నాకొక కార్డుముక్క వ్రాసిన పోస్టుఖర్చులు నేనే భరించి పంపుదును. ఛాతీ నలుబది అంగుళములలోపు వారైనచో మేలు. ఎడమచేయి కొంచెము పొడుగైనవారైనచో మరియు మేలు. షరతు ఒక్కటే. భోగినాటికి వాపసు చేయవలెను. ఉదయము ఎనిమిది గంటలకు దొడ్డమ్మ వచ్చి పెట్టె తెరిపించును.