ఎండిన బోరుకు పెద్ద మోటారు: కడుపు కదలనప్పుడు వినకూడని సలహాలు

మా పెద్దమ్మది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర పల్లె. రెండేళ్ల కిందట ఎండాకాలం ఉపాధి పనికి పోతూ, నాలుగు రోజులకొకసారి కూడా దొడ్డికి రాక నానా అవస్థ పడింది. పక్కింటామె ఇచ్చిన మెగ్నీషియం బిళ్ల రోజుకొకటి వేసుకుంది. కదల్లేదు. రెండు చేసింది. ఆపైన మూడు. మూడు వేసుకున్న మర్నాడు నీళ్ల విరేచనాలు పట్టుకుని, పని దగ్గరే కళ్లు తిరిగి కూలబడింది. నేను వెళ్లేసరికి సెలైన్ ఎక్కుతోంది. పనికి తీసుకుపోయిన లీటరు సీసా మంచం పక్కనే ఉంది. పొద్దున నింపిన నీళ్లలో ముప్పాతిక వంతు అట్లే ఉన్నాయి.

ఆ సీసా నా కళ్లముందు నుంచి పోవడం లేదు. ఊళ్లో మలబద్ధకానికి చెప్పే సలహాలన్నీ ప్రేమతో చెప్పేవే. కానీ వాటిలో చాలావాటిని వింటే చెరుపే. ఏది ఎందుకు వినకూడదో, బదులుగా ఏం చేయాలో ఒక్కొక్కటే చెబుతాను.

"రెండు బిళ్లలు వేస్కో, తెల్లారేసరికి సాఫీగా అయితాది"

మెగ్నీషియం లవణాలు పేగు నుంచి పూర్తిగా ఒంటికి పట్టవు. పట్టకుండా మిగిలింది పేగులోనే ఉండి నీటిని తన చుట్టూ నిలుపుకుంటుంది, ఒంట్లోంచి ఇంకాస్త లాక్కుంటుంది. దాంతో మలం మెత్తబడి కదులుతుంది. మిల్క్ ఆఫ్ మెగ్నీషియా పనిచేసేది ఇట్లాగే. అరగంట నుంచి ఆరు గంటల్లో ఫలితం కనిపిస్తుంది. మందు మంచిదే. కానీ అది లాగే నీళ్లు ఎక్కడివి? మన ఒంట్లోవే.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. బోరు ఎండితే ఐదు హార్స్‌పవర్ మోటారు తీసి పది బిగించినంత మాత్రాన నీళ్లు రావు, మోటారు కాలిపోతుందని మన రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నీళ్లు తాగని ఒంటికి బిళ్లలు పెంచడం కూడా అంతే. ముందు రెండు మూడు రోజులు నీళ్లు పెంచి చూడండి. అయినా మందు కావాల్సి వస్తే, డబ్బా మీద రాసిన మోతాదు దాటకుండా, నిండు గ్లాసు నీళ్లతో వేసుకోండి. డాక్టరుకు చూపించకుండా వారానికి మించి వాడొద్దు.

"చీనీ చెట్లకు వేసేది కూడా మెగ్నీషియమే కదా, చెంచా కలుపుకుని తాగు"

ఇది నేను చెవులారా విన్న మాట. చీనీ తోటలకు వాడే మెగ్నీషియం సల్ఫేటూ, మందుల షాపులో దొరికే భేది ఉప్పూ పేరుకు ఒకటే. కానీ ఎరువుల మూటలోది మనుషులు తాగడానికి శుద్ధి చేసింది కాదు. అందులో ఇంకేం కలిసి ఉంటాయో, చెంచాకు ఎంత మోతాదు వస్తుందో ఎవరికీ తెలియదు. దాన్ని ఇంట్లో, ముఖ్యంగా ఉప్పు డబ్బాల దగ్గర, పెట్టనే పెట్టొద్దు.

మందుల్లోనూ అన్ని మెగ్నీషియంలూ ఒకటి కావు. హైడ్రాక్సైడ్, ఆక్సైడ్, సిట్రేట్, సల్ఫేట్ విరేచనానికి పనికొస్తాయి. నిద్రకూ నరాలకూ అని అమ్మే గ్లైసినేట్ ఒంటికి ఎక్కువ పడుతుంది, కడుపును అంతగా కదిలించదు. చీటీ మీద పేరు చదివించుకుని తీసుకోండి.

"బోరు నీళ్లు తాగు, అందులోనే మెగ్నీషియం ఉంటాది"

తాగునీటిలో మెగ్నీషియం లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దారి లేకపోతే 100 వరకు సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణం. ఆ 100 ఉన్న నీళ్లు మూడు లీటర్లు తాగినా 300 మిల్లీగ్రాములే. 30 మిల్లీలీటర్ల మామూలు మిల్క్ ఆఫ్ మెగ్నీషియాలో దాదాపు 1000 ఉంటుంది. కాబట్టి చౌడు నీళ్లు మందుకు బదులు కావు. పైగా మన బోర్లలో ఫ్లోరైడ్ భయం ఉండనే ఉంది. అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లూ ఎముకలూ దెబ్బతింటాయి. పళ్ల మీద గారలున్న పిల్లలు ఏ ఊళ్లో లేరు? 1990లలో సత్యసాయి తాగునీటి పథకం ఈ జిల్లాలో వందల ఊళ్లకు నీళ్లు తెచ్చింది ఇందుకే. కుళాయి నీళ్లే తాగండి, కాకపోతే ఎక్కువ తాగండి.

"సంగటి మానేయ్, బరువు చేస్తాది"

తెల్లన్నమే తినమని దీని అర్థం. 100 గ్రాముల రాగుల్లో పీచు దాదాపు 11 గ్రాములు, పాలిష్ పట్టిన బియ్యంలో మూడుకు లోపే. రాగుల్లోనూ, చెనిక్కాయల్లోనూ మెగ్నీషియం కూడా బాగా ఉంటుంది. మానాల్సింది సంగటిని కాదు, సంగటి తిని నీళ్లు తాగకపోవడాన్ని. నీళ్లు లేకపోతే పీచు కూడా పేగులో గట్టిపడుతుంది. ముద్దతో పాటు ఆకుకూర పులుసు, తిన్నాక మజ్జిగ తీసుకోండి. అలవాటు లేనివాళ్లు పీచును కొద్దికొద్దిగా పెంచండి, లేకపోతే కడుపు ఉబ్బుతుంది.

"ఐరన్ బిళ్లలు ఆపెయ్, వాటివల్లే ఇదంతా"

గర్భిణులకు ఈ మాట చెప్పేవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. ఐరన్ మాత్రతో మలం గట్టిపడటం, నల్లగా రావడం నిజమే. అంతమాత్రాన ఆపితే రక్తహీనత తల్లికీ బిడ్డకూ ముప్పు. ఏఎన్ఎమ్మకో, ఆశా అక్కకో చెప్పండి. మాత్ర వేసుకునే వేళ మార్చడం, విరేచనానికి సరిపడే మందు ఇవ్వడం డాక్టరు చూసుకుంటారు. మెగ్నీషియం ఇస్తే ఐరన్‌తో కలిపి వేసుకోవద్దు, ఐరన్ ఒంటికి పట్టదు. కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. థైరాయిడ్ మాత్రకూ, సిప్రోఫ్లాక్ససిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్స్‌కూ ఇంకా ఎక్కువ ఎడం కావాలి. ఎన్ని గంటలో మందులిచ్చినవాళ్లను అడగండి.

"మందు కాదప్పా, ఖనిజమే, ఎన్నాళ్లైనా వేసుకోవచ్చు"

ఎక్కువైన మెగ్నీషియాన్ని బయటికి పంపేవి కిడ్నీలు. అవి బాగుంటేనే ఆ పని సాగుతుంది. వయసు మీదపడినవాళ్లు, షుగరు, బీపీ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు, ఎండలో పనిచేసి నడుము నొప్పికి రోజూ నొప్పి బిళ్ల మింగేవాళ్లు ముందు కిడ్నీ పరీక్ష చేయించుకోవాలి. జపాన్‌లో మలబద్ధకానికి మెగ్నీషియం ఆక్సైడ్ బాగా వాడతారు. దాన్ని వాడిన వృద్ధుల్లో కొందరికి రక్తంలో మెగ్నీషియం పెరిగి ప్రాణం మీదికి రావడంతో, 2015లో అక్కడి ఔషధ సంస్థ హెచ్చరికలను కఠినం చేసింది. వాంతి, విపరీతమైన మత్తు, కండరాల నీరసం, నాడి నెమ్మదించడం, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి పోండి.

"రక్తం పడితే వేడి చేసినట్టే, చల్లటివి తిను"

వేడి అని కూర్చోవద్దు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఎప్పుడూ లేనిది యాభై దాటాక కొత్తగా మలబద్ధకం మొదలవడం, ఇవన్నీ పరీక్ష చేయించుకోవాల్సినవి. కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోతే పేగు మూసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు ఏ విరేచనాల మందూ వేసుకోకూడదు.

"నీళ్లు తక్కువ తాగమ్మా, పనికాడ పోయేదానికి చాటు లేదు"

అన్నిటికన్నా చెడ్డ సలహా ఇదే. దీన్ని చెప్పేది తల్లులే, కూతుళ్లకు. మా పెద్దమ్మ సీసాలో నీళ్లు అట్లే మిగలడానికి కారణం కూడా ఇదే. ఎండలో చెమటకు పోయే నీళ్లు పోతూనే ఉంటాయి. లోపలికి వచ్చేవి ఆగితే పెద్దపేగు మలంలోని ఆఖరి తడి కూడా పీల్చేస్తుంది. వచ్చినప్పుడు ఆపుకుంటే ఆ పిలుపే మందగిస్తుంది. ఇది ఆడవాళ్ల తప్పు కాదు. పని జరిగే చోట చాటు కట్టించడం పని పెట్టించేవాళ్ల బాధ్యత. నాలుగు గుంజలు, ఒక పట్టా, ఒక బిందె నీళ్లు చాలు. అడగండి, నలుగురూ కలిసి అడగండి.

ఇంట్లో చేయగలిగింది ఇంకొకటి ఉంది. లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్లు తాగి, ఏదైనా తిన్నాక పదిహేను నిమిషాలు తీరుబడిగా కూర్చోండి. తిన్న వెంటనే పేగు తనంతట తానే కదిలే వేళ అది. కుర్చీలా ఉండే మరుగుదొడ్డి అయితే కాళ్ల కింద చిన్న పీట వేసుకోండి.

పెద్దమ్మ ఇప్పుడు సీసాకు గుడ్డ చుట్టి, తడిపి తీసుకుపోతుంది. నీళ్లు చల్లగా ఉంటే తాగబుద్ధవుతుందట. సాయంత్రం నేను ఫోన్ చేస్తే ముందు అడిగేది సీసా గురించే. "ఖాళీ చేసినా లేప్పా" అంటుంది.