పునఃక్రయ శాస్త్రం: తాత చిత్రిక ప్రకరణం

ఏ శాస్త్రానికైనా నాలుగు కాళ్లుండాలన్నారు పెద్దలు: విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. ఈ శాస్త్రానికి విషయం, పోయిన తాత పనిముట్టును పాతసామాను సంతలో వెతికి కొనడం. ప్రయోజనం, దాన్ని ఇంట్లోవాళ్లకే కానుకగా ఇవ్వడం. సంబంధం సంగతి బేరం దగ్గర వస్తుంది; అక్కడ దాన్ని దాచాలి. ఇక అధికారి. గోడకు క్యాలెండర్ తగిలించాలంటే మేకు కొట్టడానికి మనిషిని పిలిపించేవాడే ఈ శాస్త్రానికి అధికారి. వడ్రంగం వచ్చినవాడు కరెంటు ప్లేనర్ కొనుక్కుని పనిలో పడతాడు. వాడికి కావలసింది చిత్రిక, తాత కాదు.

లక్ష్యంగా ఒక లాలాగూడ కుటుంబాన్ని తీసుకుందాం. తాత రైల్వే వర్క్‌షాపులో వడ్రంగి. పెరంబూరు ఫ్యాక్టరీ 1955లో మొదలై ఉక్కు బోగీలు దేశమంతా తిరగకముందు, రైలుపెట్టె అంటే చాలామట్టుకు కర్రపనే. తాత పోయాక ఆయన పనిముట్ల పెట్టె ఏమైందన్నది మొదటి ప్రశ్న, ఎందుకంటే అమ్మనిదే తిరిగి కొనడం కుదరదు.

పూర్వుల ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే వాటా ఉందన్నది మితాక్షర. విజ్ఞానేశ్వరుడి ఆ ధర్మాన్ని 13వ శతాబ్దంలోనే కేతన తెలుగు పద్యాల్లోకి దించాడు. తర్వాత 1956 వారసత్వ చట్టం వచ్చింది, కూతుళ్లకూ సమాన వాటా ఇచ్చిన 1985 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ వచ్చింది, 2005లో దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది. ఇన్ని ధర్మాలనూ పట్టుకుని గజం జాగా కోసం, తులం బంగారం కోసం కోర్టుకెక్కినవాళ్లు కోకొల్లలు. రంపంలో నా వాటా ఏదని ఎక్కినవాణ్ణి ఈ శాస్త్రకర్త ఎరుగడు. దినాలు గడిచిన వారానికి పెట్టె పెట్టెంతా పాత ఇనుము బండికి కిలో లెక్కన పోయింది. తూకం వేయించింది చిన్నాయన. మేనత్త వద్దన్నది గానీ, ఆమెను ఎవరూ అడగలేదు కనుక ఆ మాట రికార్డులో లేదు.

ఇప్పుడు అసలు ప్రకరణం. ఎర్రగడ్డ ఆదివారం సంతలో, ఫ్యాన్ రెక్కలకూ కుక్కర్ మూతలకూ నడుమ, గోనెపట్టా మీద ఒక ఇనుప చిత్రిక పడి ఉంది. అది తాతదేనా? న్యాయశాస్త్రం నాలుగు ప్రమాణాలు ఇచ్చింది.

ప్రత్యక్షం. ముందు చేత్తో తుప్పు తుడవాలి. బ్లేడును అదిమిపట్టే మూత మీద రికార్డ్ అనీ, కింద పోత ఇనుములో 04 అనీ బయటపడతాయి. అమెరికాలో స్టాన్లీ కంపెనీ 1869లో బెయిలీ అనే ఆయన పేటెంట్లు కొనుక్కుని చేసిన చిత్రికకు ఇది షెఫీల్డ్ దాయాది. రికార్డ్ పేరుతో ఇవి 1931 నుంచి వచ్చాయి. పక్కన ఉక్కు అచ్చుతో కొట్టిన మూడక్షరాలు: ఎన్.ఎస్.ఆర్., అంటే నిజాం స్టేట్ రైల్వే. అది 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది. కనుక ఈ చిత్రిక 1931కి ముందుది కాదు, ముద్ర 1951 తర్వాతది కాదు. తిరగేస్తే మూతి దగ్గర ఇరుక్కుని నల్లబడ్డ పొట్టు, సానపట్టీ సానపట్టీ సగానికొచ్చిన బ్లేడు. ఇంతవరకు కాలం కుదిరింది. తాత మాత్రం ఇంకా కుదరలేదు.

అనుమానం. కొండ మీద పొగ ఉంది కనుక నిప్పు ఉన్నట్టు, పిడి కొమ్ము విరిగి ఉంది కనుక ఇది తాతదే. మేస్త్రీ మీద కోపమొచ్చి తాత దీన్ని నేలకేసి కొడితే కొమ్ము విరిగిందని ఇంట్లో కథ ఉంది. హేతువు దివ్యంగా ఉంది గానీ, ఈ రకం చిత్రిక ఎక్కడ కిందపడ్డా ముందు విరిగేది ఆ కొమ్మే. షెఫీల్డ్ నుంచి సికింద్రాబాదు దాకా పాతవాటిలో చాలావాటికి అది ఉండదు. తార్కికులు దీన్ని సవ్యభిచార హేత్వాభాసం అంటారు. మనవడు "చూడుండ్రి, అచ్చం అట్లనే ఇరిగింది" అంటాడు.

ఉపమానం. గవయం ఆవులా ఉంటుందని చెప్పి అడవికి పంపినట్టు, మేనత్త "ఇస్త్రీపెట్టె లెక్కుంటది కొడకా" అని చెప్పి పంపింది. మేనల్లుడు మొదట ఇస్త్రీపెట్టెనే బేరమాడాడు. ఈ ప్రమాణం గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

శబ్దం. ఆప్తుడి వాక్యమే శబ్దప్రమాణం. వీడియో కాల్‌లో, కళ్లద్దాలు లేకుండా, సిగ్నల్ లేక కదలకుండా నిలిచిపోయిన బొమ్మ చూసి మేనత్త "అదే! మా బాపుదే!" అన్నది. మిగతా మూడు ప్రమాణాలూ లేచి నిలబడ్డాయి.

ఇక్కడ పూర్వపక్షి ఒకడు వస్తాడు. బ్లేడు తాతే రెండుసార్లు మార్చాడు, ఇత్తడి మర వేరే చిత్రికది, ఇంకా ఇది తాతదెట్లా అవుతుంది? సమాధానం పాతదే. కాశీలో చూసిన దేవదత్తుడు ఇక్కడ ఎదురైతే "వాడే వీడు" అంటాం. నడుమ పళ్లూడినా, బట్టతల వచ్చినా వాడు దేవదత్తుడే. పోత ఇనుప దిమ్మ నిలిచినంతకాలం అది తాతది. దిమ్మ కూడా మారితే మేనత్తను మళ్లీ అడగాలి.

ధరా ప్రకరణం. పాత పనిముట్టుకు మూడు ధరలు: తూకం ధర, పని ధర, చుట్టరికం ధర. మొదటిది ఇనుము బండివాడికి తెలుసు, రెండోది వడ్రంగికి తెలుసు. మూడోది మనవడి మొహం మీద రాసి ఉంటుంది. అమ్మేవాడు చదివి చెబుతాడంతే. అందుకే సంబంధ గోపనం ఈ శాస్త్రానికి పరమ సూత్రం. లాలాగూడ మనవడు దాన్ని చక్కగానే పాటించాడు. మూడొందలన్నదాన్ని రెండొందల యాభైకి దించాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ స్పీకర్‌లో ఆప్తవాక్యం మోగింది: "తాతదిరా అది, ఇడిసిపెట్టకు!"

"పదిహేను వందలు," అన్నాడు అమ్మేవాడు.

"గిప్పుడే గదన్నా మూడొందలంటివి?"

"అప్పుడు ఇనుము సార్. ఇప్పుడు మీ తాత."

"జర తగ్గించు."

"తాతతోని గూడ బేరమాడ్తరా సార్?"

ఈ వాదానికి గౌతముడి న్యాయసూత్రాల్లోనూ ఖండన దొరకదు. మనవడు ఫోన్‌పే చేశాడు.

స్వామ్యం మాటకొస్తే కథ ఇంకా చిక్కన. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 122వ సెక్షన్ ప్రకారం కానుక అంటే తనకున్న ఆస్తిని ప్రతిఫలం లేకుండా ఇవ్వడం. ఇచ్చేవాడు బతికుండగానే పుచ్చుకునేవాడు ఒప్పుకోవాలి. ఈ చిత్రిక ఎవరిది? తాతదైతే వారసులందరిదీ, అంటే చిన్నాయన వస్తువునే చిన్నాయనకు ఇస్తున్నట్టు. ఆ మూడక్షరాల ముద్రను నమ్మితే నిజాంది, ఆయన తర్వాత సెంట్రల్ రైల్వేది, 1966 నుంచి దక్షిణ మధ్య రైల్వేది. తాతదని రుజువు చేసిన ముద్రే తాతది కాదని కూడా రుజువు చేస్తోంది. అది ఇంటికెట్లా వచ్చిందని మేనత్తనడిగితే "నడుసుకుంట వచ్చింది" అన్నది. ఆప్తవాక్యానికి అడ్డుప్రశ్నలు వేయరాదు.

చిన్నాయన షష్టిపూర్తి నాడు పీటల మీదే కానుక చేతికిచ్చారు. ఆయన జరీ కాగితం విప్పి, చిత్రిక తిరగేసి, ఒక కన్ను మూసి, అడుగు మట్టంగా ఉందో లేదోనని వెలుతురుకు పెట్టి చూశాడు. ఆ చూపు ఆయనకు వచ్చని ఇంట్లో ఎవరికీ తెలియదు. తర్వాత "ఎంతకు కొన్నవ్?" అన్నాడు. చెప్పారు.

"నేను పెట్టె మొత్తం నూట ఎనభైకి ఇచ్చిన."

"అందుకే నీకు లెక్కలు రావని బాపు అంటుండె," అన్నది మేనత్త అక్షింతలు వేస్తూ.

మరుసటి ఆదివారం చిన్నాయనే ఎర్రగడ్డ పోయాడు. అదే గోనెపట్టా మీద ఒక మూలమట్టం, ఒక రంపం, ఐదు ఉలులు వరసగా పేర్చి ఉన్నాయి.

"అన్నీ మీ నాయనవే సార్. మీకోసమని పక్కకు పెట్టిన."

"మా నాయనకు రెండే ఉలులుండె."

"అమ్మగారికి ఫోన్ కలపండ్రి సార్, అడుగుదాం."