చెమ్మగోడ ఓనరు

రేపల్లె అద్దె ఇళ్ళ ఓనర్లలో చెమ్మగోడ ఓనరుది ప్రత్యేక జాతి. పిసినారి అనడానికి లేదు. ఎండాకాలం వస్తే అద్దెకున్నవాళ్ళకి గిన్నెడు కొత్తావకాయ పంపిస్తాడు. గోడకి బూజు పట్టిందంటే మాత్రం నమ్మడు.

ఊరు కృష్ణా డెల్టాలో ఉంది. నేల నల్లరేగడి, పక్కన కాలవలు, కాస్త దూరంలో సముద్రం. బేస్‌మెంటు మీద చెమ్మ ఆపే పొర వేయని పాత ఇళ్ళలో ఇటుకలు నేలలోని తడిని పైకి పీలుస్తాయి. ముందు గోడకి ఉప్పు పొంగుతుంది, తర్వాత సున్నం పెచ్చులూడుతుంది, ఆపైన బీరువా వెనక గాలాడని చోట నల్లమచ్చలు లేస్తాయి. శ్లాబు కూడా కారితే పై తడీ కింది తడీ నడిగోడ మీద కలుసుకుంటాయి. ఈ శాస్త్రమంతా ఓనరుకి తెలుసు, తానుండే పోర్షను వరకు.

అద్దె పోర్షనుకి వచ్చేసరికి నెలకో సిద్ధాంతం. శ్రావణంలో “వానాకాలం కదమ్మా, ఎవరింట్లో లేదు?” అంటాడు. పుష్యంలో మంచు వల్ల అంటాడు. వైశాఖంలో “ఆరిపోయిందిగా, ఇప్పుడెందుకు గోడ గోకడం?” అంటాడు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటాక అంతకు పదేళ్ళ ముందరి మచ్చలు కూడా దాని ఖాతాలోకే వెళ్ళాయి. ఏ కాలమూ కలిసిరాకపోతే తప్పు అద్దెకున్నావిడది: “గుడ్డలు ఇంట్లో ఆరేస్తే చెమ్మ రాదా తల్లీ?” అందులో కొంత నిజం ఉంది. డాబా మీది తలుపు తాళంచెవి ఆయన మొలతాడుకే వేలాడుతుందన్నది మిగతా నిజం.

మరీ పోరితే వెల్ల వేయిస్తాడు. దసరాకి తడిగోడ మీద వేసింది సంక్రాంతికల్లా పొరలుగా లేస్తుంది. కారే చోటు మూసి, పాత పూత చెక్కి, గోడ పూర్తిగా ఆరాక కొత్త పూత పూయాలని తాపీమేస్త్రి చెబుతాడు. ఓనరు మేస్త్రిని మారుస్తాడు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను ఇలాంటివాళ్ళని ఊహించే ఉంది. తాను చేయించాల్సిన మరమ్మతుని యజమాని నోటీసిచ్చినా తగిన గడువులో చేయించకపోతే, అద్దెదారు చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. అయితే “చేయించాల్సిన” అన్న మాట దగ్గరే ఓనరు హాయిగా నిద్రపోతాడు, ఎందుకంటే కాగితం రాసుకోలేదు, ఒప్పందమంతా నోటిమాట. ఖాళీ చేసేటప్పుడు మాత్రం గోడలు పాడుచేశారని అడ్వాన్సులో కోత పెడతాడు.

బడులు తెరిచేలోపు మారాలని జనం మే నెలలో ఇళ్ళు వెతుకుతారు. అప్పుడు రేపల్లెలో ప్రతి గోడా పొడిగానే ఉంటుంది. అడ్వాన్సు ఇచ్చేముందు బీరువా జరిపించి చూడండి, మరమ్మతులు ఎవరివో కాగితం మీద రాయించుకోండి. వీలైతే కార్తీకంలో చూసుకోండి.