బురదకీ ఓ హోదా

వానాకాలంలో సోమవారం పొద్దున గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర నిలబడితే, సెలవు రోజుల్లో ఎవరు ఎటు వెళ్లొచ్చారో కార్లే చెప్పేస్తాయి. తళతళలాడే సెడాన్ల మధ్య ఒక థార్ వచ్చి ఆగుతుంది. తలుపుల దాకా అనంతగిరి ఎర్రమట్టి. ముందు అద్దం వైపర్ తిరిగినంత మేరే శుభ్రం. నంబరు ప్లేటు మీద మరీ దట్టంగా పేరుకుంది. బురదకు ట్రాఫిక్ రూల్సు కూడా తెలుసేమో, ఈ-చలానా కెమెరాకు కావలసిన అంకెల మీదే కూర్చుంది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న పెద్దలకు లోకజ్ఞానం తక్కువ. తొక్కి, కడక్కుండా ఆఫీసు పార్కింగులో నిలబెట్టొచ్చన్న ఆలోచనే వాళ్లకు రాలేదు. ఇంగ్లండులో 2005లో ఒకాయన పల్లెటూరి మట్టిని సీసాల్లో నింపి, ఊరు దాటని జీపుల మీద చల్లుకోవడానికి స్ప్రేగా అమ్మాడు. 2017లో అమెరికాలో నార్డ్‌స్ట్రామ్ దుకాణం ఉత్తుత్తి బురద మరకల జీన్స్ ప్యాంటుకు 425 డాలర్ల ధర పెట్టింది. మనవాళ్లు నయం, డీజిల్ తగలేసి మరీ అసలు సరుకు తెచ్చుకుంటున్నారు.

ఇదే బురదను ట్రాక్టరు తెస్తే కథ వేరు. పొలంలో దమ్ము చేసి కేజ్ వీల్స్‌తోనే తారు రోడ్డెక్కితే జరిమానా. ఆ ఇనుప చక్రాలు రోడ్డును చీల్చేస్తాయి కాబట్టి ఆ జరిమానాను నేను తప్పుపట్టను. కానీ బురద సంగతి తెలిసినవాడు ఆ డ్రైవరే. సాయంత్రం బోరు దగ్గర బండి ఆపి పైపు పట్టుకుంటాడు. బానెట్టు వైపు చూడనైనా చూడడు. ఇరుసుకు చుట్టుకున్న గడ్డిని కొడవలితో కోసి లాగుతాడు. తర్వాత రేడియేటర్ జాలీ. అక్కడ మట్టి ఎండితే గాలాడదు, ఇంజన్ కాగిపోతుంది, మర్నాటి కిరాయి పోతుంది. గంట లెక్కన తిరిగే బండి మీద బురదను అలంకారంగా ఉంచుకుంటే ఆయనకు గిట్టదు.

మన థార్ సారు పద్ధతి తలకిందులు. ఫొటోలన్నీ పెట్టేశాక, లైకులు తగ్గాక, అపార్టుమెంటులో కార్లు తుడిచే కుర్రాడికి కబురు వెళ్తుంది. అతను అర బకెట్టు నీళ్లు, పాత బనియను గుడ్డతో వస్తాడు. ఎండిన మట్టి మీద గుడ్డ వేసి రుద్దితే ఇసుక రేణువులు పెయింటును గీకేస్తాయి. ముందు నీళ్లు కొట్టి నాననివ్వాలి, నానాక పైనుంచి కిందికి కడగాలి. అదే తాండూరు వైపు నల్లరేగడి అయితే తడిసి ఉబ్బి పట్టుకుంటుంది, ఎండాక సుత్తి అడుగుతుంది. నానబెట్టడానికి నీళ్లో? నాగార్జునసాగర్ నుంచి నూరు కిలోమీటర్లకు పైగా మోటార్లు పెట్టి తోడి తెచ్చిన కృష్ణమ్మ, సెల్లార్లో సారు టైర్లకు పాదపూజ చేయాలి. తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని 2024 మార్చిలో బెంగళూరు జలమండలి ప్రకటించింది. ఆ వార్తతో మన సార్ల బద్ధకం కాస్తా పర్యావరణ సేవ అయిపోయింది.

పోనీ వాటర్ వాష్‌కు తీసుకెళ్లినా అంతే.

"తమ్మీ, డోర్ల మీద మట్టి ముట్టకు. రేపు ఆఫీసుకు పోవాలె. అద్దాలు మాత్రం తుడువు."

"కింద కొట్టాల్నా సార్? దానికి వేరే పైసలు."

"కింద ఎవడు చూస్తడు?"

తుప్పు చూస్తుంది. చక్రాల గూళ్లలో, ఛాసిస్ మూలల్లో తడి మట్టి చేరితే దానికి అంతకన్నా మంచి కాపురం దొరకదు. రిమ్ము లోపలివైపు ముద్ద ఎండిందంటే ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎనభై దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. సారు టైర్లను తిడతాడు, కంపెనీని తిడతాడు, రోడ్డేసిన ప్రభుత్వాన్ని కూడా వదలడు. చివరికి మెకానిక్ చక్రం ఊడదీసి, స్క్రూడ్రైవరుతో రెండు పెళ్లలు రాల్చి, వీల్ బ్యాలెన్సింగ్ అని బిల్లు రాస్తాడు. నాలుగు చక్రాలకూ.